తీగ బయటి ఆట
అల్లరి పిల్లల్ని అదుపు చేయడానికి బ్రిటన్ బడుల్లో పద్ధతి దిద్దుకున్న ఆటలు రైలెక్కి బిలాస్‌పూర్ చేరాయి. కంచె మాత్రం వాటిని ఆపలేకపోయింది

బిలాస్‌పూర్ స్టేషన్‌కు దగ్గర్లో తార్‌బాహర్ అని ఒక పేట ఉంది. తార్ అంటే తీగ, బాహర్ అంటే బయట. వెరసి, తీగ బయటి పేట. ఊళ్లకూ పేటలకూ చెట్ల పేర్లు, చెరువుల పేర్లు, దేవుళ్ల పేర్లు ఉండటం మామూలే. ఒక పేట కంచె పేరుతో బతుకుతోందంటే ఆ కంచె అక్కడివారికి ఎంత పెద్ద సంగతో ఊహించుకోవచ్చు.

తీగ లోపలున్నది రైల్వే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే (బీఎన్ఆర్) కొద్ది ఏళ్లలోనే బిలాస్‌పూర్ దాకా పట్టాలు వేసింది. 1891కల్లా నాగపూర్-ఆసన్‌సోల్ మార్గం పూర్తయింది. కట్నీ వైపు మరో లైను కలిసింది. ఓ మోస్తరు ఊరు పెద్ద జంక్షన్‌గా మారింది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమూ అయింది. అయితే ఆ పట్టాలతోపాటు ఇంగ్లండ్ నుంచి దిగుమతైంది ఇంజన్లు, సిగ్నళ్లు మాత్రమే కాదు. ఒక జీవన నమూనా కూడా. తిన్నటి రోడ్లు, హోదాను బట్టి క్వార్టర్లు, చర్చి, బడి, బడికి మైదానం, సాయంత్రాలు గడపడానికి ఇన్‌స్టిట్యూట్. రైల్వే కాలనీల్లో పెరిగినవారికి ఇవన్నీ ఎప్పటినుంచో ఉన్నట్టే అనిపిస్తాయి. నిజానికి వాటిలో ప్రతిదానికీ 19వ శతాబ్దపు బ్రిటన్‌లో ఒక పుట్టుక ఉంది, ఒక ఉద్దేశం ఉంది. పిల్లల్ని, పనివాళ్లను అదుపులో ఉంచడమే ఆ ఉద్దేశం.

ఆ బడిలో, ఆ మైదానాల్లో పెరిగిన ఒక కుర్రాడి కథతో మొదలుపెట్టొచ్చు. లెస్లీ క్లాడియస్ 1927 మార్చి 25న బిలాస్‌పూర్‌లో పుట్టారు. ఆంగ్లో ఇండియన్ కుటుంబం. చదువు రైల్వే వారి ఇంగ్లిష్ మీడియం స్కూల్లో. ఆయనకు ఇష్టమైన ఆట ఫుట్‌బాల్. 1946లో ఖరగ్‌పూర్‌లో బీఎన్ఆర్ హాకీ జట్ల ప్రాక్టీస్ మ్యాచ్ చూస్తుండగా ఒక ఆటగాడు తక్కువపడ్డాడు. 1932 ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన డికీ కార్ ఆ కుర్రాడి చేతికి కర్ర ఇచ్చి బరిలోకి పంపారు. రెండేళ్లు తిరగకుండా క్లాడియస్ లండన్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. 1948 ఆగస్టు 12న, స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండటానికి మూడు రోజుల ముందు, వెంబ్లీలో జరిగిన ఫైనల్లో భారత్ 4-0తో బ్రిటన్‌ను ఓడించింది. 1928 నుంచి 1936 దాకా భారత్ వరుసగా ఒలింపిక్ స్వర్ణాలు గెలిచినప్పుడు బ్రిటన్ ఆ పోటీకి జట్టునే పంపలేదు. మళ్లీ పంపినప్పుడు ఫలితం ఇది. క్లాడియస్ ఆ తర్వాత 1952, 1956ల్లో మరో రెండు స్వర్ణాలు, 1960లో కెప్టెన్‌గా రజతం తెచ్చారు.

బ్రిటన్‌ను దాని ఆటలోనే ఓడించడం అన్న మాట తరచూ వినబడుతుంది. అయితే ఆ ఆట అక్కడ ఎందుకు పద్ధతి నేర్చుకుందన్నది అంతకంటే ఆసక్తికరమైన కథ.

19వ శతాబ్దం మొదట్లో బ్రిటన్‌లోని సంపన్నుల బడులు క్రమశిక్షణకు చిరునామాలేమీ కావు. ఈటన్ స్కూల్‌కు 1809 నుంచి 1834 దాకా హెడ్మాస్టర్‌గా ఉన్న జాన్ కీట్ బెత్తం దెబ్బలకు పేరుమోశారు. చిన్న తరగతి పిల్లలు పెద్ద తరగతి పిల్లల బూట్లు తుడవాలి, టోస్టు కాల్చిపెట్టాలి. తిరుగుబాట్లు సర్వసాధారణం. 1797లో రగ్బీ స్కూల్లో, 1818లో వించెస్టర్‌లో విద్యార్థుల్ని అణచడానికి సైనికుల్ని పిలవాల్సి వచ్చింది. ఖాళీ సమయాల్లో పిల్లలు చుట్టుపక్కల పొలాల మీద పడి వేటాడటం, ఊరివాళ్లతో కొట్లాటకు దిగడం మామూలే. 1828లో రగ్బీకి హెడ్మాస్టర్‌గా వచ్చిన థామస్ ఆర్నాల్డ్ దీనికి ఒక ఉపాయం పట్టారు. పెద్ద తరగతి పిల్లలకే అధికారం, దాంతోపాటు బాధ్యత అప్పగించారు. నేటికీ మన ఇంగ్లిష్ మీడియం బడుల్లో కనిపించే ‘ప్రిఫెక్టు’ పదవికి పరువు తెచ్చింది ఆయనే.

ఆటల్ని ఈ పథకంలోకి తెచ్చిన ఘనత మాత్రం ఆర్నాల్డ్ దగ్గర పనిచేసిన జార్జ్ కాటన్‌ది. 1851లో మార్ల్‌బరో కాలేజీలో పెద్ద తిరుగుబాటు జరిగింది. ఆ మరుసటి ఏడాది అక్కడికి హెడ్మాస్టర్‌గా వెళ్లిన కాటన్ 1853లో తల్లిదండ్రులకు ఒక సర్క్యులర్ పంపారు. పిల్లలు మధ్యాహ్నాలు ఊళ్లమీద తిరగకుండా మైదానంలో పద్ధతిగా ఆడేలా చూస్తామన్నది దాని సారాంశం. అంటే పిల్లల్ని బడి ఆవరణ దాటనివ్వకుండా ఉంచడానికి ఆట ఒక మర్యాదైన కంచె అయింది. 1857లో థామస్ హ్యూస్ రాసిన ‘టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్’ నవల ఈ నమూనాను ఇంటింటికీ చేర్చింది. అందులోని యువ ఉపాధ్యాయుడి పాత్రకు మూలం కాటనే. ఒక్కో బడిలో ఒక్కో రకంగా ఉన్న ఆటలకు ఉమ్మడి నిబంధనలు రావడం అప్పటినుంచే ఊపందుకుంది. 1863లో ఫుట్‌బాల్ అసోసియేషన్, 1886లో హాకీ అసోసియేషన్ లండన్‌లో ఏర్పడ్డాయి.

ఇక్కడే కథ సముద్రం దాటుతుంది. కాటన్ 1858లో కలకత్తా బిషప్‌గా వచ్చారు. భారత్‌లో స్థిరపడిన యూరోపియన్లు, ఆంగ్లో ఇండియన్ల పిల్లలకు బడులు పెట్టడం తన బాధ్యతగా ఎంచుకున్నారు. 1859లో సిమ్లాలో మొదలైన బడికి, 1865లో బెంగళూరులో మొదలైన బడికి ఆయన పేరే ఉంది. వైస్రాయ్ కానింగ్ కూడా 1860లో ఈ బడుల అవసరాన్ని గట్టిగా సమర్థించారు. 1866లో కుష్టియా దగ్గర స్టీమర్ ఎక్కబోతూ నదిలో పడి కాటన్ మరణించారు. కానీ ఆయన తెచ్చిన నమూనా ఆగలేదు. 1888లో ఈస్ట్ ఇండియన్ రైల్వే తన ఉద్యోగుల పిల్లల కోసం ముస్సోరి కొండల్లో ఓక్ గ్రోవ్ స్కూల్ తెరిచింది. మిగిలిన రైల్వేలు తమ కాలనీల్లో ఇదే పద్ధతిని చిన్న ఎత్తున పాటించాయి. డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మెన్ల పిల్లలకు హౌస్, కెప్టెన్, కప్పు, మైదానం దక్కాయి. క్లాడియస్ కథకు నేపథ్యం ఇదే.

అయితే ఇది బ్రిటన్ బడి కథలో ఒక సగం మాత్రమే. రెండో సగంలో తెలుగువారికి పరిచయమైన దృశ్యమొకటి ఉంది. 18వ శతాబ్దం చివర్లో ఆండ్రూ బెల్ అనే మతాధికారి మద్రాసు ఎగ్మోర్‌లోని అనాథ బాలల శరణాలయానికి అధిపతిగా ఉన్నారు. దగ్గర్లోని ఒక వీధి బడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం ఆయన కంటబడింది. పలక అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు. తన శరణాలయంలో దీన్ని అమలు చేసి, వచ్చిన పిల్లలతో రాని పిల్లలకు చెప్పించారు. 1797లో లండన్‌లో ఆయన దీనిపై పుస్తకం ప్రచురించారు. ఖర్చు తక్కువ, ఒక్క మాస్టారితో వందలమందికి చదువు! 1811లో ఏర్పడిన నేషనల్ సొసైటీ దీన్నే ‘మద్రాసు పద్ధతి’ పేరుతో ఇంగ్లండ్ అంతటా పేదల బడుల్లో ప్రవేశపెట్టింది. మన పల్లెల్లో పిల్లలు ఇసుకలో ఓనమాలు దిద్దుకున్నట్టే మాంచెస్టర్ కార్మికుల పిల్లలు కూడా ఇసుక పళ్లేల్లో ఏబీసీడీలు దిద్దారు. ఇక్కడి వీధి బడి అక్కడి పేద పిల్లలకు, అక్కడి పెద్దింటి ఆట ఇక్కడి రైల్వే పిల్లలకు! ఇచ్చిపుచ్చుకోవడంలో కూడా తరగతి తేడా స్పష్టం.

ఆ పేద పిల్లలకు ఆటలు దక్కలేదు. 1844 చట్టం ప్రకారం ఎనిమిదేళ్ల పిల్లాడు సగం పూట మిల్లులో, సగం పూట బడిలో గడపవచ్చు. 1862 నుంచి ప్రభుత్వ గ్రాంటుకు పరీక్షా ఫలితాలతో ముడిపెట్టారు. ఇన్‌స్పెక్టర్ వచ్చి చదివించి, రాయించి, లెక్కలు చేయించి తల లెక్కన డబ్బు ఖరారు చేస్తాడు. ఆడపిల్లలకు కుట్టుపని తప్పనిసరి. ప్రతి ప్రాంతంలో బడి ఉండాలన్న చట్టం 1870లో వచ్చింది. చదువు తప్పనిసరి అయింది 1880లో. ఒంటికి వ్యాయామం అంటే మాత్రం సైనికుల తరహాలో వరుసగా నిలబెట్టి చేయించే డ్రిల్. పద్ధతైన ఆటలకు ఈ బడుల టైంటేబుల్‌లో చోటు దొరికింది 1906లోనే. పెద్దింటి పిల్లలకు ఆట నాయకత్వం నేర్పాలి, పేదింటి పిల్లలకు డ్రిల్ విధేయత నేర్పాలి. తెలుగునాట సర్కారు బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ని తరాలపాటు ‘డ్రిల్ మాస్టారు’ అనే పిలిచారు. హౌస్ కెప్టెన్లు కాన్వెంట్లకు, డ్రిల్ మాస్టార్లు సర్కారు బడులకు! ఒక్క పదం చాలు, ఏ బడి ఏ బ్రిటన్ నుంచి వచ్చిందో చెప్పడానికి.

అలాగని పేద పిల్లలు ఆడకుండా ఉంటారా? విక్టోరియా కాలపు వీధుల్లో గోలీలు, బొంగరాలు, తాడాట ఉండేవి. ‘టిప్‌క్యాట్’ అన్నది అచ్చం మన బిళ్లంగోడు. ‘హాప్‌స్కాచ్’ అంటే తొక్కుడు బిళ్ల. ‘నకుల్‌బోన్స్’ అంటే అచ్చనగాయలు. వీటికి అసోసియేషన్ లేదు, నిబంధనల పుస్తకం లేదు, పైసా ఖర్చూ లేదు. పోలీసుల బెడద మాత్రం ఉండేది. 1835 రహదారుల చట్టం ప్రకారం వీధిలో ఫుట్‌బాల్ ఆడితే 40 షిల్లింగుల దాకా జరిమానా. వీధిలో నేరమైన ఆటే, 28 ఏళ్ల తర్వాత మైదానంలో పెద్దమనుషుల ఆటగా గౌరవం పొందింది.

పెద్దల తీరిక సంగతి కూడా ఇంతే. బ్రిటిష్ కార్మికుడికి తీరిక ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు. 1847లో మిల్లుల్లోని స్త్రీలకు, బాలలకు పది గంటల పనిదినం వచ్చింది. 1850 చట్టంతో శనివారం మధ్యాహ్నం రెండింటికి వారి పని ఆగింది. మగవాళ్లకూ క్రమంగా ఆ ఒంటిపూట దక్కింది. శనివారం మధ్యాహ్నం ఫుట్‌బాల్ మ్యాచ్ అనే సంప్రదాయానికి మూలం ఇదే. 1871లో బ్యాంకు సెలవుల చట్టం మరికొన్ని రోజులు జోడించింది. దొరికిన తీరికను సారాయి దుకాణంలో ఖర్చు చేస్తారేమోనన్న బెంగ యజమానులకు, మతపెద్దలకు పట్టుకుంది. థామస్ కుక్ 1841లో లెస్టర్ నుంచి లఫ్‌బరోకు సుమారు 500 మందిని ఒక షిల్లింగు టికెట్‌తో రైల్లో తీసుకెళ్లింది కూడా మద్యనిషేధ సభకే. ప్రపంచ పర్యాటక వ్యాపారానికి నాంది ఆ ప్రయాణమే!

రైల్వే పట్టణాలు ఈ ఆలోచనకు ప్రయోగశాలలు అయ్యాయి. గ్రేట్ వెస్టర్న్ రైల్వే వర్క్‌షాపు వెలిసిన స్విండన్‌లో 1844లో కార్మికుల మెకానిక్స్ ఇన్‌స్టిట్యూషన్ మొదలైంది. 1855లో దానికి సొంత భవనం వచ్చింది. లైబ్రరీ, ఉపన్యాసాలు, నాటకాలు, నృత్యాలు అన్నీ అక్కడే. 1849 నుంచి ఏటా ప్రత్యేక రైళ్లలో కుటుంబాల విహారయాత్ర. రైలు ఉచితమే గానీ వర్క్‌షాపు మూసిన ఆ రోజులకు జీతం ఉండేది కాదు. మాంచెస్టర్‌లో లాంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వే క్యారేజి, వ్యాగన్ కార్మికులు 1878లో న్యూటన్ హీత్ పేరుతో ఫుట్‌బాల్ జట్టు పెట్టుకున్నారు. 1902లో దాని పేరు మారింది. ఇప్పుడు దాన్ని ప్రపంచమంతా మాంచెస్టర్ యునైటెడ్ అంటోంది. భారత రైల్వే కాలనీల్లోని ఇన్‌స్టిట్యూట్ ఈ స్విండన్ నమూనాకు వారసురాలే. బిలియర్డ్స్ బల్ల, చెక్క నేల డాన్స్ హాలు, లైబ్రరీ, పక్కన టెన్నిస్ కోర్టు.

ఒక తేడా మాత్రం ఉంది. స్విండన్‌లో ఇన్‌స్టిట్యూట్ కార్మికుడి కోసం కట్టింది. ఇక్కడ మాత్రం కార్మికుల్లో తెల్లవారు, ఆంగ్లో ఇండియన్లు ఒకవైపు, భారతీయులు మరోవైపు. కాలనీల్లో యూరోపియన్ ఇన్‌స్టిట్యూట్ వేరు, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ వేరు. ఆ రెండో వైపున నిలబడినవారిలో తెలుగువారూ ఉన్నారు. కటక్ నుంచి విజయనగరం దాకా ఉన్న తూర్పు తీర మార్గం 1902లో బీఎన్ఆర్‌లో కలిసింది. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్‌కు 1931లో రైలు నేరుగా నడిచింది. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఖరగ్‌పూర్, రాయ్‌పూర్, బిలాస్‌పూర్, నాగపూర్‌ల దాకా గ్యాంగ్‌మన్లు, ఖలాసీలు, ఫిట్టర్లు, గుమాస్తాలుగా తెలుగువారు చేరింది ఈ దారుల్లోనే.

వారికి బిలియర్డ్స్ బల్ల కంటే ముందు కావాల్సింది గంటలు. ఇక్కడి తెలుగువారు గుర్తుంచుకోవాల్సిన పేరు వి.వి.గిరి. 1928లో బీఎన్ఆర్‌లో కార్మికుల తొలగింపునకు వ్యతిరేకంగా జరిగిన అహింసాయుత సమ్మెకు నాయకత్వం వహించింది, తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన ఈ బరంపురం తెలుగువాడే. రైల్వే కార్మికుల పని గంటలకు పరిమితి 1930 చట్ట సవరణతో వచ్చింది. ఎడతెరిపి లేని పనికి వారానికి 60 గంటలు. మధ్యలో విరామాలుండే పనికి 84 గంటలు. బ్రిటన్ మిల్లు స్త్రీలకు పది గంటల రోజు వచ్చిన 83 ఏళ్ల తర్వాత ఇక్కడి గేట్‌మన్‌కు దక్కింది రోజుకు 12 గంటల వారం! 1947లో జస్టిస్ రాజాధ్యక్ష తీర్పు వీటిని 54, 75 గంటలకు తగ్గించింది. తీరిక అనేది మైదానంలో కాదు, డ్యూటీ చార్టులో మొదలవుతుందని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

దొరికిన ఆ కాసిని గంటలతో బిలాస్‌పూర్ తెలుగువారు ఏం చేశారన్నది ఊళ్లోకి వెళితే ఇప్పటికీ కనిపిస్తుంది. ఆంధ్ర సమాజం పేరుతో ఒక్కటయ్యారు. ఆ పేరుతో బడి నడుస్తోంది. రైల్వే క్వార్టర్ల మధ్య బారాఖోలీ ప్రాంతంలో ఎండాకాలంలో సోలాపురి మాత పూజలు జరుగుతాయి. ఇవేవీ స్విండన్ నమూనాలో లేవు. యజమాని గీసిన తీరికకు తోడుగా జనం తమ తీరికను తామే కట్టుకున్నారు.

ఆటలూ అలాగే కంచె దాటాయి. 1895లో ఇంగ్లండ్ మహిళలు హాకీ సంఘం పెట్టుకుని గుర్తింపు అడిగితే పురుషుల హాకీ అసోసియేషన్ కాదు పొమ్మంది. ఆ ఆటలోనే భారత జాతీయ మహిళల పోటీల్లో ఏళ్ల తరబడి రైల్వేస్ జట్టుదే పైచేయి. 2002 కామన్వెల్త్ క్రీడల ఫైనల్లో ఇంగ్లండ్ మహిళల్ని వారి గడ్డ మీదే ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. ఆ జట్టులోని సబా అంజుమ్‌ది దుర్గ్. బిలాస్‌పూర్ నుంచి నాగపూర్ వెళ్లే రైలు మార్గం మీదున్న పట్టణమది. ఫైనల్ జరిగిన ఊరు, న్యూటన్ హీత్ రైల్వే కార్మికులు బంతి తన్నిన మాంచెస్టర్.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ బడులు, మైదానాలు ఇకపై ఎవరివి? రైళ్లు నడపడమే రైల్వే పని, బడులూ ఆస్పత్రులూ దాని పని కాదని వివేక్ దేవ్‌రాయ్ కమిటీ 2015లో సూచించింది. 2021లో ఆర్థిక శాఖ ప్రధాన ఆర్థిక సలహాదారు నివేదిక కూడా రైల్వే బడుల సంఖ్యను కుదించాలనే చెప్పింది. ఆ నివేదిక ఇచ్చిన లెక్కల్లోనే ఒక విశేషముంది. 2019లో 94 రైల్వే బడుల్లో ఉద్యోగుల పిల్లలు 15,399 మంది కాగా బయటి పిల్లలు 34,277 మంది. రైల్వే పిల్లలు తగ్గిపోయారు గనుక బడులు అనవసరమన్నది లెక్క చూసేవారి వాదన. అదే అంకెను మరోలా కూడా చదవొచ్చు. కంచె లోపలివారి కోసం కట్టిన బడి, ప్రతి ముగ్గురిలో ఇద్దరు చొప్పున కంచె బయటి పిల్లలకు దక్కింది. వందేళ్లకు పైగా పట్టిన ఈ మార్పును నష్టాల పద్దులో రాయడం విడ్డూరమే. అదే 2021లో కొన్ని రైల్వే స్టేడియంల స్థలాలను వాణిజ్య అవసరాలకు మళ్లించే ప్రతిపాదన కూడా ముందుకొచ్చింది.

పొదుపు వాదనలో పస లేదనలేం. కొద్దిమంది పిల్లలున్న బడిని నడపడం కష్టమే. కానీ మైదానం బడి లాంటిది కాదు. బడి మూతపడితే మరోచోట తెరవొచ్చు. ఊరి నడిమధ్యన ఉన్న మైదానం ఒకసారి పోతే మళ్లీ రాదు. కాటన్ మైదానాన్ని కోరింది పిల్లల్ని కట్టిపడేయడానికే కావచ్చు. రైల్వే కంపెనీ దాన్ని కొందరికే పరిమితం చేసి ఉండొచ్చు. అయినా ప్రాక్టీస్ మ్యాచ్ చూస్తూ నిలబడ్డ కుర్రాడి చేతికి ఒకరు కర్ర ఇవ్వాలంటే ముందు అక్కడ మైదానమంటూ ఉండాలి.

2012 ఒలింపిక్స్ సమయంలో లండన్ రైలు స్టేషన్లకు క్రీడా దిగ్గజాల పేర్లు పెట్టి ఒక ప్రత్యేక మ్యాప్ అచ్చువేశారు. అందులో బుషీ స్టేషన్‌కు క్లాడియస్ పేరు పెట్టారు. ఆ ఏడాది డిసెంబరు 20న ఆయన కోల్‌కతాలో కన్నుమూశారు. రైల్వే పట్టణపు కుర్రాడి పేరు లండన్ రైలు మ్యాప్ ఎక్కడం గొప్పే. కానీ అంతకంటే పెద్ద గౌరవం బిలాస్‌పూర్‌లోనే చేయొచ్చు. తార్‌బాహర్ పిల్లలకు సాయంత్రం ఆడుకోవడానికి చోటు మిగిల్చితే చాలు. తీగ పోయినా పేటకు పేరు మిగిలింది. మైదానం పోతే పేరు కూడా మిగలదు.